వీసీగారి పిడికిలి

వీసీగారు ఒకప్పుడు ఎంజైముల శాస్త్రవేత్త. ఎంజైము గొట్టాన్ని ఐసులోంచి తీసి కబుర్లలో పడిందని ఒక శిష్యురాలిని చెడామడా తిట్టి బయటికి పంపిన మనిషి. కుర్చీ ఎక్కాక ల్యాబంటే ఆయనకు ఫోటో దిగే చోటయింది. మొన్న వచ్చి, అదే శిష్యురాలు నెల్లాళ్లు చాకిరీ చేసి తీసిన ఎంజైము గొట్టాన్ని ఐసులోంచి లాగి పిడికిట్లో బిగించాడు. ఫోటోలు అయిపోయినా సొంత డబ్బా ఆపలేదు.

“అది ఐసులో ఉండాలి సార్, వేడికి చచ్చిపోతుంది,” అందామె.

“నాకే పాఠమా అమ్మా? ఈ పనిలో తల పండినవాణ్ణి,” అన్నాడు, రంగేసిన జుట్టు సవరించుకుంటూ.

ఆయన వెళ్లాక పరీక్షిస్తే, గొట్టంలో ఉన్నది ఉత్త నీళ్లతో సమానం.

మర్నాడు ఫోన్ చేశాడు. “ఫోటోలో ఆ గొట్టం బాగా పడిందమ్మా. నా గదిలో అద్దాల బీరువాలో పెట్టుకుంటాను, పంపించు.”

“అలాగే సార్. ఇక దానికి ఐసు అక్కర్లేదు.”