మలాజ్ ఇంట్లో రెండో తూనీగ

మా పుట్టింటి దొడ్డిగోడకు అవతలే శ్మశానం. ఆ గోడ దూకి, అక్కడి జామకాయలు కోసుకుని తిని పెరిగినదాన్ని నేను. ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనేది మా అమ్మ. నాదీ అదే మాట. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. చూసింది చూసినట్టు చెబుతాను, అంతే.

రియాద్‌లో మలాజ్ అనే పాతపేటలో ఒక ఇంట్లో వంటకీ ఇంటిపనికీ ఉండేదాన్ని. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. సల్మా మేడం కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెప్పేది. రెండో ఆవిడ మేడం తల్లి. నాలుగుకాళ్ళ కర్ర పట్టుకుంటే గాని అడుగు పడదు. ఆవిడను నేను మామా అనేదాన్ని, అక్కడ ఇంటి పెద్దావిడను అలాగే పిలుస్తారు. మేడం తమ్ముడు ఫహద్‌ను ఫొటోలో తప్ప చూడలేదు. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికే అతను లేడు.

లేడు అనకూడదు ఆ ఇంట్లో. ఇంకా రాలేదు అనాలి.

మేడం పని తూనీగల మీద. మన కాలవగట్ల మీద తిరిగే లావుపాటివి కావు. సూదిలా సన్నగా ఉండి, వాలినప్పుడు రెక్కలు వీపుమీద మూసుకునేవి. వాటికోసం మలేషియా వైపు, ఏడాది పొడుగునా వాన పడే అడవికి తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళింది. అక్కడి వాగులో ఫహద్ ఒకదాన్ని పట్టాడు. ఒళ్ళంతా నలుపు, మెడ కింద నారింజ రంగు మచ్చ. అలాంటిది ఉందని అప్పటిదాకా లోకంలో ఎవరూ రాయలేదట. అది మగది. "నువ్వు టీ తాగుతూ ఉండు, దీని జోడీని కూడా తెస్తా" అని మర్నాడు వాగు వెంట పైకి వెళ్ళాడు. ఎగువన వాన పడి వాగు ఒక్కసారిగా పొంగింది. అతని వల దొరికింది. మనిషి దొరకలేదు.

మేడం ఒక్కతే తిరిగొచ్చింది, కాగితం పొట్లంలో ఆ ఒక్క తూనీగతో.

ఆ తూనీగకు తమ్ముడి పేరు పెట్టాలని మేడం కోరిక. కొత్త జీవిని మొదట వివరంగా రాసినవాళ్ళదే పేరు పెట్టే హక్కట. కానీ మామా ఒప్పుకోలేదు. "బతికున్నవాడి పేరు చచ్చిన పురుగుకు పెడతావా?" అని ఒక్కటే మాట. శవం దొరకనివాళ్ళకు మసీదులో చేసే నమాజు కూడా చెయ్యనివ్వలేదు. బంధువులు వచ్చి చెప్పి చూసి, మెల్లగా రావడమే మానుకున్నారు.

అక్కడ అన్నం పెద్ద పళ్ళెంలో వడ్డించి మధ్యలో పెడతారు. అందరూ చుట్టూ కూర్చుని ఎవరి వైపుది వాళ్ళు తింటారు. ఫహద్ కూర్చునే వైపు ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తినడం అయ్యాక ఆ వైపు అన్నం గట్టులా అలాగే నిలిచి ఉండేది. పళ్ళెం తీసేటప్పుడు అది కూలకుండా మెల్లగా ఎత్తేదాన్ని.

మేడం తన పనిగదిలో ఆ తూనీగను పొట్లంలోంచి తీసి, చిన్న స్పాంజి ముక్క మీద పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ బొమ్మలు గీసేది. రెక్కలో నరాలు, కాళ్ళ మీద ముళ్ళు, అన్నీ. మనసు బాగున్నప్పుడు నన్నూ చూడనిచ్చేది. మగదాని తోక చివర బుల్లి పటకారు ఉంటుంది. దానితో ఆడదాన్ని మెడ దగ్గర పట్టుకుంటుంది. ఆ పటకారుకు సరిపడే గాడి ఆ జాతి ఆడదాని మెడ మీదే ఉంటుంది, తాళానికి తాళంచెవిలాగా. ఆ ఆడదాన్ని చూసినవాళ్ళు లేరు.

ఒకరోజు చీమలు పట్టాయి. నేను చూసేసరికి ఒక కాలు ఈడ్చుకుపోతున్నాయి. మేడం బల్లమీద తలపెట్టి ఏడ్చింది. నా చేతనైంది నేను చేశాను. మా ఇంట్లో బెల్లం డబ్బాకు చేసినట్టే, వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దానిమీద ఆ స్పాంజిని పెట్టి గాజు మూత మూశాను.

డ్రైవరు మల్లేశంది జగిత్యాల వైపు. సామాను తెచ్చి అది చూసి పకపకా నవ్వాడు. "ఏందక్కా, మనకు సరైన మంచం లేదు గని పురుగుకు చెరువు తవ్వినవా?"

"నిన్ను చీమలు పడితే నిన్నూ నీళ్ళలోనే పెడతాలే, పోవయ్యా" అన్నాను.

మేడం మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వింది. చీమలు మళ్ళీ రాలేదు.

రియాద్ గాలి సంగతి అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. పైగా ఏసీ. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి సగమవుతాయి. రోజూ నేనే పోసేదాన్ని. తర్వాత మామాకు జ్వరం వచ్చి ఆ గది వైపు వెళ్ళడం కుదరలేదు. గుర్తొచ్చి పరుగెత్తేసరికి పళ్ళెం అంచుదాకా నిండుగా ఉంది. మేడం పోసిందనుకున్నాను. కొన్నాళ్ళకు మేడమే అంది, "రత్నా, అంత నిండుగా పొయ్యకు, బల్ల తడుస్తుంది" అని. నేను పొయ్యలేదు మేడం అన్నాను. నేనూ కాదంది. మామా ఆ గది గడప తొక్కదు, నా కొడుకును తీసుకుపోయిన పురుగు అని దాని మొహమే చూడదు. మల్లేశానికి లోపలికి రావడానికి తాళంచెవి లేదు. పైకప్పు చూశాం, ఏసీ గొట్టం చూశాం. ఎక్కడా కారడం లేదు. వేలు పెడితే నీళ్ళు ఐసులా చల్లగా ఉన్నాయి.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం, బల్లలు తుడవడానికి తలుపు తీశాను. గదంతా వాసన. కంపు కాదు. వాన వెలిశాక రాలిన ఆకులు నానితే వచ్చే వాసన. బయట నిప్పులు చెరిగే ఎండ.

పళ్ళెంలో నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. వాటిమీద ఒక నల్లబడ్డ ఆకు. ఆకుమీద ఒక తూనీగ, రెక్కలు ముడుచుకుని.

మూత జరిగి మగది కిందపడిందనుకుని హడలిపోయాను. చూస్తే అది గాజుమూత కింద దాని చోటే ఉంది. మూత లోపల మాత్రం ఆవిరి పట్టి ఉంది.

నేను దేన్నీ ముట్టుకోలేదు. మేడంకు ఫోన్ చేశాను. మల్లేశం ఆవిడను తీసుకొచ్చాడు. గుమ్మంలోకి రాగానే ఆ వాసనకు ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది. "అక్కడి వాసన" అంది.

తర్వాత లేచి చేతులు కడుక్కుని దాన్ని సన్నటి చిమటాతో పట్టి ఎత్తింది. మట్టిరంగుది, మచ్చలేమీ లేవు. చచ్చిపోయి ఉంది, కానీ పచ్చిగా ఉంది. కాళ్ళు మెత్తగా వంగుతున్నాయి. ఎండింది అయితే పట్టుకోగానే విరిగేది. అడవి నుంచి సామానులో వచ్చిందనుకోవడానికి వీల్లేదు. మేడం వచ్చి అప్పటికే చాలా నెలలు. మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. నన్నూ చూడమంది. మెడ మీద గాడి ఉంది. మగదాని పటకారు ఎంతో, ఆ గాడి అంత.

కర్ర చప్పుడు వినిపించి వెనక్కి తిరిగాం. గడపలో మామా నిలబడి ఉంది.

"ఏమిటది?"

మేడం ఆవిడ వైపు చూడలేకపోయింది. "తెస్తానన్నాడు కదమ్మా" అంది.

మామా బల్లదాకా వచ్చింది. నీళ్ళలో వేళ్ళు ముంచి, చల్లదనానికి ఉలిక్కిపడి, ఆ తడిచేత్తోనే మొహం తుడుచుకుంది. ఏడవలేదు. "ఇంత చల్లటి నీళ్ళలో ఉన్నాడా వాడు" అని మాత్రం అంది.

ఆరోజు భోజనం ఆలస్యమైంది. ఎప్పటిలాగే పళ్ళెం మధ్యలో పెట్టి, ఫహద్ వైపు వదిలి కూర్చున్నారు. మామా చెయ్యి చాచి, కొడుకు వైపు నుంచి ముద్ద తీసుకుంది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత మేడం చెయ్యి పట్టుకుని అటువైపు పెట్టింది. "ఖలాస్. తిను" అంది.

శుక్రవారం మసీదులో ఆ నమాజు జరిగింది. తూనీగకు ఫహద్ పేరు పెట్టారు. మేడం రాసినదాంట్లో మగదాని వివరాలే ఉన్నాయి. ఆడదాన్ని విడిగా పొట్లంలో దాచింది. ప్రతి పొట్లం మీద ఎక్కడ దొరికింది, ఎవరు పట్టారు అని రాయాలట. ఆ పొట్లం మీద ఏమీ రాయలేదు.

నేను ఊరికి వచ్చేసినా మల్లేశం ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఆ మాట ఎత్తితే, "ఏసీ సందులకెంచి వచ్చింటదక్కా, ఇడిసిపెట్టు. నన్నడగకు" అంటాడు. వచ్చి ఉండొచ్చు. ఎడారిలోంచి ఒక తూనీగ ఏసీ సందులో దూరి ఉండొచ్చు.

పళ్ళెం పెట్టింది నేను. మొదట నీళ్ళు పోసింది నేను. ఆ ఆకు మాత్రం నేను వెయ్యలేదు.