చిన్ని నోటితో మోగిన వీడియో గేమ్

మా చిన్నప్పుడు... ఎండాకాలం పగటిపూట మా క్వార్టర్ కిటికీకి పాత గొంగడి వేలాడిందంటే లైన్ మొత్తానికీ అర్థమయ్యేది, ఈ ఇంట్లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పడుకున్నాడని. కూరగాయల బండి ఆయన కూడా మా గుమ్మం దాటేదాకా నోరు తెరిచేవాడు కాదు.

గోదావరి ఒడ్డున బొగ్గు బావుల కాలనీ మాది. బాపు, అంటే మా నాన్న, బావిలో దిగి పనిచేసేవాడు. ఉన్నవి రెండు గదులు... ముందు గదిలో కూలర్, కూలర్ ముందు బాపు మంచం, మంచం కాళ్ల దగ్గర టీవీ. మా చిక్కంతా ఆ టీవీతోనే వచ్చింది.

ఆ సెలవుల్లో చొప్పదండి మేనమామ కొడుకు శీను బావ తన వీడియో గేమ్ డబ్బా మాకిచ్చాడు. మనసు పెద్దదై కాదు లెండి... వాళ్ల ఊళ్లో పగలు కరెంటు ఉంటే కదా ఆడేది. డబ్బాతో పాటు పసుపు రంగు క్యాసెట్ ఒకటి. అందులో ఒక పొట్టివాడు గోడలెక్కి, గుంటలు దూకి, నీళ్ల మీద తేలే చెక్కల మీదుగా అవతలి ఒడ్డుకు పోవాలి. ఎక్కడ పోతాడు... రోజూ ఆ నీళ్లలోనే పడి చచ్చేవాడు.

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ మాత్రం ముందే చెప్పేసింది.

"మీ బాపు నిద్ర చెడిందనుకో, గీ డబ్బ చొప్పదండికి పోతది. నిద్ర లేకుంట బాయిల దిగితే ఏమైతదో మీకు చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. బావుల కాలనీలో పుట్టిన పిల్లలకు అది ఒకరు చెప్పే సంగతి కాదు. మాకు బాపూ కావాలి, గేమూ కావాలి... అందుకని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి కూర్చున్నాం.

సౌండ్ లేని ఆట ఉప్పు లేని పప్పులా ఉంది. మా చెల్లె చిన్నికి అది అస్సలు నచ్చలేదు. నా పక్కన చేరి నోటితోనే మోగించడం మొదలుపెట్టింది, గుసగుసగా. దూకితే "హుప్". బంగారు బిళ్ల దొరికితే "టింగ్". కొమ్ముల పంది తెర మీదికి రాబోయే ముందే "గుర్ర్... గుర్ర్...". నీళ్లలో పడితే "బుడుంగ్" అని, నావైపు జాలిగా ఒక చూపు. ఆ చూపు గేమ్‌లో లేదు, దాని సొంతం. రిమోట్ ఇస్తానన్నా తీసుకునేది కాదు. తన పని తనకుంది మరి...

ఒక మధ్యాహ్నం పొట్టివాడు ఎట్టకేలకు అవతలి ఒడ్డున కాలు పెట్టాడు. చిన్ని గుసగుస సంగతి మరిచిపోయింది. "అక్కా, దాటిండు" అని గట్టిగా అరిచింది. బాపు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

అవ్వ వంటింట్లోంచి వచ్చి, వైర్లు పీకి, డబ్బాను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు బాపు షిఫ్టుకు పోతుంటే సైకిల్ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాం. తెల్లారి ఆయన సైకిల్ చప్పుడు వినిపించేదాకా ఇద్దరికీ ప్రాణం కుదుటపడలేదు. గేమ్ పోతే పోయింది, బాపు వచ్చాడు, చాలు అనిపించింది.

ఆ పగలు గదిలో కూలర్ మోత తప్ప ఏమీ లేదు. బాపు మాత్రం ఇటు దొర్లాడు, అటు దొర్లాడు...

"ఏమైంది, నిద్ర వస్తలేదా?" అంది అవ్వ.

"వస్తలేదు. గీ పిల్లల సప్పుడేది?"

అవ్వకు అర్థం కాలేదు. మాకూ కాలేదు.

"ఇంటికొచ్చినా బాయిల మిషిన్ల మోతే నా చెవులల్ల తిరుగుతది. చిన్ని గట్ల టింగ్ టింగ్ అనుకుంట ఉంటే గా మోత పోయి కన్నంటుకుంటది. జర ఆడుకోనియ్యి" అని మా వైపు తిరిగాడు. "అవుగని బిడ్డా... గా నీళ్లు దాటినంక ఏమొచ్చింది?"

ఇన్నాళ్లూ కళ్లు మూసుకునే మా ఆట మొత్తం ఆయన విన్నాడన్నమాట. అవ్వ సంచిలోంచి డబ్బా తీసి, వైర్లు ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చింది. చిన్ని నాలుగు "హుప్"లు అందో లేదో బాపు గురక మొదలైంది. ఆ గురక విన్నంత సంతోషం నాకు ఏ గేమ్ గెలిచినా రాలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలకు వీడియో గేమ్‌ల గురించి పాఠాలు చెప్తాను. "ఆడుకునుడు గూడ సదువేనా" అని శీను బావ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. పరిశోధన చేసే రోజుల్లో అదే గేమ్ మళ్లీ దొరికితే ఆశగా సౌండ్ పెట్టుకుని ఆడాను. ఏదో పీపీమనే సంగీతం... పంది వచ్చే ముందు చడీచప్పుడు లేదు. మొదటి పందికే చచ్చాను. అప్పుడు తెలిసింది, నేను ఆడింది ఎక్కడో ఎవరో తయారుచేసిన ఆట కాదు, సగం మా చెల్లె చేసింది.

ఆడేవాళ్ల గురించి, ఆట తయారుచేసేవాళ్ల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. పక్కన కూర్చుని మోగించేవాళ్లు, కళ్లు మూసుకుని వినేవాళ్లు వాటిలో అంతగా కనిపించలేదు. అందుకే నేను వాళ్ల గురించి రాస్తాను. మొదటి క్లాసులోనే సౌండ్ తీసేసి ఆడమంటాను, పక్కవాళ్లను నోటితో మోగించమంటాను. పిల్లలు కాసేపు సిగ్గుపడతారు... తర్వాత వాళ్లను ఆపడం నా తరం కాదు.

మొన్న వేసవిలో అందరం మా ఇంట్లో చేరాం. మా చెల్లె చిన్ని వాళ్ల కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ట్యాబ్‌లో ఆడుతోంది. పక్కనే బాపు నడుం వాల్చాడు. రిటైరై ఏళ్లయినా నిద్ర మాత్రం ఇంకా పగలే.

"సప్పుడేది బిడ్డా?" అన్నాడు.

పిల్ల హెడ్‌ఫోన్ల వైరు పీకేసింది. గదంతా తుపాకులు, బాంబులు... బాపు కాసేపు విన్నాడు.

"గిది కాదు."

చేతులు తుడుచుకుంటూ చిన్ని వంటింట్లోంచి వచ్చి, కూతురి పక్కన కూర్చుని, తెర వైపు చూసి మెల్లగా "హుప్" అంది. పిల్ల తల్లిని వింతగా చూసింది. తర్వాత తనే సౌండ్ పూర్తిగా తగ్గించింది. బాపు కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు ఎవరి ఆట వాళ్ల చెవుల్లోనే మోగుతోంది... అయినా పక్కన కాస్త చోటిస్తే వచ్చి కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ ఆటను మీ పక్కన కూర్చుని మోగించింది ఎవరు? పేరొక్కటే రాస్తే ఊరుకోను... ఆ చప్పుడు ఎలా ఉండేదో కూడా రాయండి. బాపుకు చదివి వినిపిస్తాను.