తుఫాను ఆటలో లేని అటక

సహాధ్యాయులారా, నమస్కారములు.

ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆటలను ఆడి, వాటి బాగోగులు రాయడం మా కోడలి ఉద్యోగం. నేడు ఒక ఆటలో తుఫానులను చేర్చిన కొత్త భాగాన్ని పరీక్షిస్తోంది. తెరపై మబ్బు కమ్మగానే నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

“ముందు విత్తనాలను అటక మీదికి చేర్చమ్మా!” అన్నాను.

“ఇందులో అటక లేదండి మావయ్యగారూ! గోదామొక్కటే, అదీ సముద్రపు ఒడ్డునే ఉంది,” అని నవ్వింది.

రేపల్లెలో ఈదురుగాలి మొదలవగానే మన అమ్మలు పిల్లలకంటే ముందు విత్తనాల కుండను అటక మీద పెట్టేవారు, గుర్తుందా? తడిగోడల వాసనలో కింద నిలబడి, అమ్మ నన్ను మరచిందేమోనని ఏడ్చేవాణ్ణి.

తెరపై నీరు గోదామును విత్తనాలతో సహా ముంచేసింది.

“జనమంతా బతికారండి!” అంది కోడలు.

“వచ్చే ఏడు ఏం నాటుతారమ్మా?”

ఆమె ఆ ప్రశ్నను తన సమీక్షలో రాసుకుంది. ఇటువంటి ఆటలను తయారుచేసే పిల్లలు మీ ఇంట ఉంటే, ఈ ఉత్తరాన్ని వారికి బిగ్గరగా చదివి వినిపించండి.