మంచం వంతు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం యానాం నుంచి గట్టు వెంబడి నడిచి దరియాలతిప్ప చేరాను. అప్పట్లో ఆ ఊళ్లోకి బండి పోయే దారి లేదు. పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి. ఒక పాకలో మాత్రం నలుగురు మగవాళ్లు చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. పక్కనే గోడకు ఆనించిన నులకమంచం, దానికి కట్టిన రెండు వెదురుబొంగులు.

పనికి బద్ధకించారనుకుని, "మీరు వేటకు వెళ్లలేదా?" అన్నాను కాస్త ఎకసెక్కంగా.

"ఇయ్యాళ మాది మంచం వంతండి," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "ఎవరికైనా పేణం మీదకొత్తే యానాం ఆసుపత్రికి మొయ్యాలి కదండీ. రోజుకో నలుగురం ఒడ్డునే ఉండిపోతాం."

ఇంతమంది జనం ఉన్న ఊళ్లో దానికి వంతులెందుకని అడిగాను.

"జనం ఉన్నారండి. పడవలెల్లాక మిగిలేది ఆడోళ్లు, పిల్లలు, ముసిలోళ్లే. ఆళ్లు అంత దూరం మొయ్యలేరండి."

"ఈ పద్ధతి ఎప్పట్నుంచి?"

ఆయన చుట్టను నేలకు రాసి ఆర్పాడు.

"మా ఇంటిది పురిటినొప్పుల్తో పోయిన కాణ్ణుంచండి. ఆ రోజు మగోళ్లందరం ఏటలోనే ఉన్నాం. సేపలు బాగా పడతన్నాయని పొద్దుగూకేదాకా ఒడ్డుకి రాలేదండి."