రెండో దెబ్బ మీద బరువు

ఒక్క పాట కంప్యూటర్లోకి దిగడానికి ఒక పూట పట్టే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకి చెబితే నన్ను ఎడ్లబండ్ల నాటి మనిషిని చేసేస్తారు గానీ, అదేమంత పాత సంగతి కాదు. రామచంద్రపురం బస్టాండుకి ఎదురుగా ఒక నెట్ సెంటరు, అందులో మూల కుర్చీ, ఆ కుర్చీలో నేను. ముప్పాతిక పాట దిగాక కరెంటు పోయేది, మళ్ళీ మొదటి నుంచి మొదలు. అలా పోగేసిన పాటలు ఒక సీడీ నిండా ఉండేవి. సినిమా పాటలనుకునేరు, కావు. ఎప్పుడో యాభైల్లో, అంతకు ముందూ అమెరికాలో నల్లవాళ్ళు వాయించిన రిథమ్ అండ్ బ్లూస్, దాని కడుపున పుట్టిన తొలినాటి రాక్ అండ్ రోల్. ఆ పిచ్చి ఎందుకు పట్టిందంటే చెప్పలేను. మా వంశంలో అందరూ పెళ్ళిళ్ళకి సన్నాయీ డోలూ వాయించేవాళ్ళే. నేనొక్కణ్ణే వాయిద్యం ముట్టుకోకుండా ఇంగ్లీషు ఎమ్మే చదివాను (ముట్టుకోనివ్వలేదనడం న్యాయం, నా తాళజ్ఞానం చూసి మా తాత నాకు ఏడేళ్ళప్పుడే దణ్ణం పెట్టేశాడు).

ఎమ్మే అయ్యాక ద్రాక్షారామం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరరుగా చేరాను. పర్మనెంటు వాళ్ళకి కుర్చీలుంటాయి, గెస్టులకి కిటికీ గట్టు ఉంటుంది. ఆ ఏడు ఆఖర్న ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కాలేజీలో సెమినారు పెడుతున్నామనీ, యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద మేడం వస్తున్నారనీ, ఇంగ్లీషు తరఫున నేను మాట్లాడాలనీ చెప్పారు. బాగా మాట్లాడితే వచ్చే ఏడాదీ ఉంచుతారట. లేకపోతే మా బావ భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఒక ఉద్యోగం చూసి పెట్టి ఉంచాడు, సంచీ తగిలించుకుని చెరువుల వెంట తిరగడం. నాకు రొయ్యలతో కూరలో తప్ప పరిచయం లేదు. ఆ రాత్రే కూర్చుని ఇరవై రెండు పేజీలు రాసేశాను. విషయం ఇంకేముంటుంది, రిథమ్ అండ్ బ్లూస్ రాక్ అండ్ రోల్‌గా ఎలా మారిందన్నదే.

ఇక్కడ మా మావయ్య సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు, డోలు వాయిస్తాడు. ముహూర్తాల రోజుల్లో అన్నవరం కొండ మీద పక్కపక్కనే నాలుగు పెళ్ళిళ్ళు జరుగుతూ, నాలుగు మేళాలు ఒకదాని మీద ఒకటి పడి మోగుతుంటే, చుట్టూ ఏం జరుగుతున్నా చెక్కుచెదరకుండా తన పెళ్ళి తాను వాయించుకునే మనిషి. కాలేజీకి వచ్చే మేడం గారికి స్వాగతం పలకడానికి మేళం మాట్లాడింది కూడా ఆయన్నే. అప్పుడు తట్టింది నాకు. సీడీ వినిపిస్తే ఎవరికి కావాలి, ఎదురుగా వాయించి చూపిస్తే గదా సభ అదిరిపోయేది! ప్రిన్సిపాల్ గారు కూడా ఎలాగూ మాట్లాడిన మేళమే కదాని సరేనన్నారు.

మావయ్య ఇంటి అరుగు మీద పది రోజులు సాధన. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, పియానో ఎడం చెయ్యి రైలుబండిలా ఎలా పరిగెడుతోందో వినమన్నాను. పత్తిచేల నుంచి రైళ్ళెక్కి పట్నాల ఫ్యాక్టరీలకి పోయిన జనం, ఆ పట్నం రొదలో మామూలు గిటారు వినపడక దానికి కరెంటు పెట్టుకున్నారనీ, శాక్సఫోను అరవడం మొదలుపెట్టిందనీ, పాట వేగం అందుకుందనీ ఊగిపోతూ చెప్పాను. నాలుగు దెబ్బల్లో రెండో దాని మీదా నాలుగో దాని మీదా బరువు పడాలి, కిటుకంతా అక్కడే ఉందన్నాను. మావయ్య హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రెండోదాని మీద బరువేస్తే మొదటిది చిన్నబోదేంట్రా అల్లుడూ?" అన్నాడు.

చిన్నబోనీ మావయ్యా, అదే కావాలి అన్నాను. మూడో రోజుకి పట్టేశాడు. కుడి చేతి వేళ్ళకి తొడుగులు, ఎడం చేతిలో పుల్ల, ఆ రెండో దెబ్బ పడ్డప్పుడల్లా అరుగు మీది చెంబులో నీళ్ళు వణికేవి. సన్నాయి వాయించే బాబాయి (మావయ్యకి జోడీ, మాట తక్కువ మనిషి) నా సీడీలోని శాక్సఫోను విని, ఇది మన వాయిద్యానికి వేలు విడిచిన చుట్టమే అని ఒప్పుకున్నాడు. నేను ఎర్ర చేతిరుమాలు పైకెత్తగానే బ్లూస్ ఆపి రాక్ అండ్ రోల్ ఎత్తుకోవాలి, అంతవరకూ నెమ్మదిగా నడపాలి. ఇదీ మా ఒప్పందం. రుమాలు మా ఆవిడ ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

ఆ రోజు ఉదయం పదింటికి హాలు కిటకిటలాడిపోయింది. మా కాలేజీ పద్ధతి ప్రకారం అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు, మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి కొబ్బరి తాడు. వేదిక మీద ప్రిన్సిపాల్ గారికీ పెద్ద మేడం గారికీ షామియానా వాడు తెచ్చిన కుర్చీలు. వాడి దగ్గర మంచి కుర్చీలంటే రెండే, ఎర్ర ముఖమల్ వేసి, వీపు దగ్గర బంగారు రంగు నెమళ్ళున్నవి. ఏ జంట కోసం చేయించినవో మీకు చెప్పక్కర్లేదు. స్వాగతానికి పూలరేకుల పళ్ళేలు పట్టుకున్న అమ్మాయిలు, సగం రేకులు మిగలడంతో పళ్ళేలతో సహా ముందు వరసలో కూర్చున్నారు.

మొదలుపెట్టాను. మావయ్య నెమ్మదిగా బ్లూస్ నడుపుతున్నాడు, నేను దాని మీద మాట్లాడుతున్నాను. రికార్డు కంపెనీలు ఆ పాటల్ని రంగుని బట్టి వేరే గూట్లో పెట్టడం, తర్వాత ఆ గూటికి రిథమ్ అండ్ బ్లూస్ అని పేరు మార్చడం, తెల్లవాళ్ళ పిల్లలు రేడియోల్లో విని మైమరిచిపోవడం, అవే పాటల్ని తెల్లవాళ్ళు మళ్ళీ పాడి పేరు కొట్టేయడం, అన్నీ దంచేశాను. డాన్సు హాళ్ళలో మధ్యన తాడు కట్టి ఈ రంగు ఇటు, ఆ రంగు అటు నిలబెట్టేవారనీ, పాట వేడెక్కాక పిల్లలు ఆ తాడుని లెక్కచేసేవాళ్ళు కాదనీ చెప్పేసరికి హాలులో తలలన్నీ మధ్యనున్న కొబ్బరి తాడు వైపు తిరిగాయి. నాకు ఒళ్ళు తెలియలేదు. "ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే" అంటూ చూపుడువేలు పైకెత్తి ఆడించాను.

పెళ్ళిళ్ళలో తాళి కట్టే వేళకి పురోహితుడు చేసేది సరిగ్గా అదే. మేళంవాళ్ళ కళ్ళు పెళ్ళంతా ఆ వేలు మీదే ఉంటాయి. అది ఆడిందా, ఏం వాయిస్తున్నా వదిలేసి గట్టిమేళం అందుకోవాలి, ఆడుతున్నంతసేపూ ఆపకూడదు. మేళం ఇంట్లో పుట్టి ఈ సంగతి మరిచిపోయినవాణ్ణి గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే అయి ఉంటాను. రుమాలు నా జేబులో ఉండగానే ఠపీమని గట్టిమేళం లేచింది. హాలులో సగం మంది అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. ముందు వరస అమ్మాయిలు ఏం ఆలోచించారో, ఏమీ ఆలోచించలేదో గానీ, చేతిలో ఉన్న రేకులన్నీ నెమళ్ళ కుర్చీల్లోని ప్రిన్సిపాల్ గారి మీదా మేడం గారి మీదా దోసిళ్ళతో చల్లేశారు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మావయ్య వైపు తిరిగి, వద్దు, ఆపమని అదే వేలు గబగబా ఊపాను. (ఇప్పుడు రాస్తుంటేనే తల బాదుకోవాలనిపిస్తోంది.) వేలు వేగం పెరిగితే ముహూర్తం మించిపోతోందని అర్థం. మావయ్య పళ్ళు బిగించి రెట్టింపు వేగం అందుకున్నాడు. నేను ఊపేకొద్దీ ఆయన పెంచుతున్నాడు, ఆయన పెంచేకొద్దీ నేను ఊపుతున్నాను. బాబాయి సన్నాయి పైస్థాయికి పోయి అక్కడే నిలబడి కేకలేస్తోంది. అంత వేగంలో, అంత ఒత్తిడిలో, పది రోజులు నేను నూరిపోసిన ముక్క ఎలా గుర్తొచ్చిందో గానీ, మావయ్య బరువు తీసుకెళ్ళి రెండో దెబ్బ మీద పడేశాడు.

ఆ క్షణం ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. గట్టిమేళం గట్టిమేళంలానే ఉంది, కానీ కాళ్ళు నిలవడం లేదు. వెనక బెంచీల అబ్బాయిలు చప్పట్లు అందుకున్నారు, సరిగ్గా రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ, ఎవరూ నేర్పకుండానే. అమ్మాయిలు అందుకున్నారు. కొబ్బరి తాడు ఎటు పోయిందో తెలియదు. ఏ పుస్తకంలో చదివి, ఏ పాటల్లో విని నేను నెలల తరబడి ఊహించుకున్నానో, అది ద్రాక్షారామం పక్కన, నా కళ్ళెదుట, మా మావయ్య చేతుల్లో జరుగుతోంది! ఉద్యోగం, ప్రిన్సిపాలు, రొయ్యలు అన్నీ మరిచిపోయి నేను కూడా గెంతాను. తాళం తప్పే గెంతాను, అది వేరే సంగతి.

ఆఖరికి చేతులు రెండూ వెనక్కి కట్టుకుంటే గానీ మేళం ఆగలేదు. మేడం గారు జుట్టులో రేకులతో, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ప్రిన్సిపాల్ గారు నవ్వడం లేదు. నా పేపరులో ఇంకా పదహారు పేజీలు మిగిలి ఉన్నాయి, చదవమని ఎవరూ అనలేదు. సభ అయ్యాక ఆయన చొక్కా మీది బంతిరేకు ఒకటి తీసి పక్కన పెట్టి, "వచ్చే ఏడాది సంగతి తర్వాత చూద్దాం లెండి" అన్నారు. ఆ మాటకి మా వైపు ఒకటే అర్థం. జూన్‌లో నేను భీమవరంలో చెరువు గట్టున నిలబడి మేత గురించి మాట్లాడుతున్నాను.

వానాకాలం పోయాక యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆత్రంగా చింపాను. అందులో ఉన్నది నా పేరు కాదు, మావయ్యది. ఆయన వచ్చి అక్కడి విద్యార్థుల ముందు వాయించి మాట్లాడాలట, ఇంగ్లీషు చెప్పడానికి తోడు ఎవరినైనా తెచ్చుకోవచ్చట. నిజం చెప్పొద్దూ, కడుపు మండిపోయింది. అసలు వాయించినవాళ్ళని వెనక్కి నెట్టి ఎవరెవరో పేరు కొట్టేశారని వేదికెక్కి గుండెలు బాదుకున్న పెద్దమనిషిని నేనే, పేరు అసలువాడికే వచ్చిందని మూడు రోజులు అన్నం సహించనివాణ్ణీ నేనే. నాలుగో రోజు సెలవు పెట్టి, డోలు నెత్తిన పెట్టుకుని ఆయన వెనకాల రైలెక్కాను.

అక్కడ ఆయన గట్టిమేళం రెండు రకాలుగానూ వాయించాడు. తర్వాత ఒక కుర్రాడు లేచి ఇంగ్లీషులో, మీ మేళానికీ ఆ అమెరికా సంగీతానికీ మీకు కనిపించిన పోలిక ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్న నేను ఆయనకి తెలుగులో చెప్పాను. మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకు అమెరికా తెలీదండి. మేం గట్టిగా వాయించేదెందుకంటే, ఆ నిమిషంలో తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డమాట గానీ పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదనండి. వాళ్ళు అంత గట్టిగా వాయించారంటే, పాపం చెవిన పడకూడనివి చాలానే ఉండుంటాయండి."

ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సినవాణ్ణి, ఆ పని మరిచిపోయి మావయ్య వైపు తిరిగాను. మేడం గారే తెలుగు రాని పిల్లలకి చెప్పారు. గట్టిమేళం ఎందుకో నాకు తెలియక కాదు, మా ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఉగ్గుపాలతో తెలుసు. తెలిసిన ఆ సంగతిని చదివిన దాని పక్కన పెట్టి చూడాలని మాత్రం నాకు తోచలేదు. పది రోజులు అరుగు మీద ఆయనకి పాఠం చెప్పిన ఆ కుర్ర లెక్చరరు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా. అన్ని రోజుల్లో మావయ్యని ఒక్క ప్రశ్నయినా అడగలేదు, వెర్రినాగన్న.