మిస్‌కు మా పాప నేర్పిన తెలుగు

ఎవరెన్ని చెప్పినా సరే, తప్పు నాదంటే ఇప్పటికీ ఒప్పుకోను. ఆ రోజుల్లో మా పాప ఎల్‌కేజీ, దాని లోకమంతా వాళ్ళ మిస్. నేను జడ వేస్తే "మిస్ ఇట్లా వెయ్యదు" అనేది. దోసె పోస్తే "మిస్ దోసె ఇంకా గుండ్రం" అనేది. పైగా తెలుగులో పిలిస్తే తమిళంలో జవాబు! తరతరాలుగా పుదుచ్చేరిలో ఉంటూ (ఇంట్లో సగం మందికి తెలుగు అక్షరాలు రాకపోయినా) మాట పోనివ్వని వాళ్ళం. ఆ మాటను ఒక్క మిస్ ఆరు నెలల్లో మింగేసిందని నా కడుపుమంట.

అందుకే పేరెంట్స్ మీటింగ్ అనగానే ఫోన్లో పదకొండు ఫిర్యాదులు టైప్ చేశాను (నాలుగు ఆవిడ చీరల మీదే). సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన్ని మిస్ స్థానంలో కూర్చోబెట్టి రిహార్సల్ మొదలుపెట్టాను.

"ఏంది మిస్, మా బిడ్డకి తెలుగు మరిపిస్తా ఉండారా?"

"సారీ మ్యాడమ్," అన్నాడాయన చేతులు కట్టుకుని. "కాఫీ తాగినాక తిట్టగూడదా?"

వంటింట్లోంచి మా అత్త, "దానికి తెలుగు మీద ప్రేమ యాడ ఉందిరా? అంతా పొరామై!" అంది. (అసూయను మా ఇంట్లో తమిళంలోనే అంటాం. ఆ మాటను ఏ మిస్ మింగిందో అడక్కండి.)

మర్నాడు క్లాసులో, మోకాలెత్తు కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఫోన్ తెరిచాను. నేను నోరు విప్పేలోపే మిస్ నవ్వుతూ, "రామ్మా, బాగుండావా? అన్నం తింటివా?" అంది. తెలుగు! అదీ మా అత్త యాసలో!

"మీకు తెలుగు ఎట్లా వచ్చె?"

"మీ పాపే నాకు మిస్," అని, ఆపైన తమిళంలోకి దిగింది. రోజూ మధ్యాహ్నం ఒక మాట నేర్పుతుందట, తప్పు పలికితే చెవి మెలేస్తుందట. "మొదట నేర్చుకున్న మాట ఏదో తెలుసా? 'మా అమ్మ యాడ?' చేరిన కొత్తల్లో నెలంతా అదే అడుగుతూ ఏడ్చింది. అర్థం కాకపోతే ఎలా ఓదార్చేది? అందుకే నేర్చుకున్నా."

ఫోన్ మెల్లగా బ్యాగులో పెట్టేశాను.

ఇప్పుడు పాప మూడో తరగతి. ఆ మిస్ పేరే గుర్తులేదంటుంది. ఆ పదకొండు ఫిర్యాదులూ ఇంకా నా ఫోన్లోనే ఉన్నాయి, చదివితే నాకే నవ్వొస్తుంది. ఒక్కటి మాత్రం మింగుడుపడదు. నెల రోజులు నా కోసం అడిగిన ఆ మాటను విన్నది నేను కాదు, ఆవిడ. చెప్పండి, మీరైతే కుళ్ళుకోరా?