రంపం ఇస్తేనే గైడు కార్డు

అంతా విన్నాక తప్పు బెలార్మినోదే అంటారేమో, అనండి. కానీ ముప్పై ఏళ్లు చెట్లు కొట్టిన మనిషిని పిలిచి, పిల్లలకి అడవి చూపించమంటే ఎలా చూపిస్తాడు, మీరే చెప్పండి.

మా కొండ మీద చెట్టు కొట్టకూడదని అడవికి కంచె వేశాక, దాని మొదట్లో బడిలాంటి ఒక కేంద్రం పెట్టారు. పట్నం జనం అక్కడికొచ్చి ఏదీ పాడుచేయకుండా బతకడం నేర్చుకుంటారు. తొక్కలు ఎరువు చేయడం, గిన్నెలు బూడిదతో తోమడం, నీళ్లు పోయక్కర్లేని మరుగుదొడ్డి. బెలార్మినోకి మొదటి తికమక అక్కడే. వాళ్లింట్లో ఇవన్నీ గతిలేక చేసినవి. ఆ దొడ్డి చూసి చుట్టాలు నవ్వుతారని వాళ్లమ్మ దానికి అడ్డంగా అరటిచెట్లు నాటింది. ఇప్పుడు దాన్ని చూడ్డానికి రాజధాని నుంచి బస్సులు కట్టించుకుని వస్తున్నారు.

కొట్టుడు ఆగిపోయింది, మోకాళ్లు పట్టేశాయి. ఆయనకి మిగిలింది గైడు పని ఒక్కటే. కేంద్రం వాళ్లు గైడు కార్డు ఇస్తే ఏడాదంతా పని. రాకపోతే ఆ మోకాళ్లతోనే కిందికి దిగి ఎవరి తోటలోనో కాఫీ పళ్లు కోయాలి.

కేంద్రం నడిపేది ఆయన స్నేహితుడి కూతురు యొర్లెని. రాజధానిలో చదివొచ్చిన పిల్ల. పరీక్షగా ఒకరోజు పన్నెండు మంది బడి పిల్లల్ని ఆయనకి అప్పగించి, తను కాగితం పట్టుకుని వెనకాల నడిచింది.

బెలార్మినో సెద్రో అనే పెద్ద కలప చెట్టు దగ్గర ఆగి దాని మీద అరచెయ్యి వేశాడు. నలభై పలకలకి తక్కువ రావన్నాడు. చంద్రుడు తరిగే రోజుల్లో కొడితే పురుగు పట్టదని, పెరిగే రోజుల్లో కొడితే మూడేళ్లలో మంచం పొడైపోతుందని చెప్పాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. మరి దీన్నెందుకు కొట్టలేదని ఒక పిల్ల అడిగింది. ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"లోయలో ఉంది కదమ్మా. ఎద్దులు పైకి లాగలేవు. లేకపోతే ఈపాటికి ఎవరింట్లోనో మంచమై ఉండేది."

యొర్లెని రాయడం ఆపేసింది. పిల్లలు అన్నాలకి కూర్చున్నాక ఆయన్ని పక్కకి పిలిచింది. పెద్దాయన కదా, గౌరవంగా దోన్ మినో అంటుంది.

"దోన్ మినో, పిల్లలకి మీరు తెగ నచ్చారు. కానీ చెట్టు నిలబడితే ఏం లాభమో చెప్పాలి, పడుకోబెడితే ఏం లాభమో కాదు."

"నిలబడితే నిలబడే ఉంటుంది కదే అమ్మాయీ."

కెట్సాల్ పిట్ట చెట్టు తొర్రలోనే గూడు పెడుతుందని యొర్లెని చెప్పింది. అది పుచ్చిన చెట్టులో పెడుతుంది, ఇది గట్టి చెట్టు అన్నాడీయన. అదీ నిజమే. ఆ పిల్లకి నవ్వొచ్చింది. కార్డు ఇస్తానంది, కానీ ఒక షరతు. శుక్రవారం లోపల ఆయన తన మోటారు రంపం కేంద్రానికి ఇచ్చేయాలి. గోడకి మేకు కొట్టి తగిలించి, కింద ఆయన పేరు రాస్తారు. చెట్లు కొట్టినవాడే కాపలాదారు అయ్యాడని అందరూ చూడాలి.

ఇంటికొస్తే భార్య ఒడిలియా వేడి బెల్లం నీళ్లు చేతికిచ్చి, "ఇచ్చేయవయ్యా. నన్ను చూసుకున్నదానికంటే దాన్నే ఎక్కువ చూసుకున్నావు" అంది.

"ఇస్తానే. కానీ వానల్లో దారికడ్డంగా చెట్టు పడితే ఎవరు కోస్తారు?"

"అది వాళ్ల గోల."

శుక్రవారం పొద్దున్నే రంపం భుజాన వేసుకుని బయల్దేరాడు. రాత్రి గాలికి మలుపు దగ్గర ఓక్ చెట్టొకటి దారికడ్డంగా పడి ఉంది. కేంద్రానికి పోలేక ఇవతలే ఆగిపోయిన పిల్లల బస్సు, దాని ముందు యొర్లెని. ఆయన భుజం మీద రంపం చూడగానే ఆ పిల్ల మొహం విప్పారింది.

"దేవుడే పంపాడు దోన్ మినో. ముందిది కోసిపెట్టండి."

అరగంటలో కోసి పక్కకి దొర్లించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చెమట తుడుచుకుని, వెటకారమేమీ లేకుండానే అడిగాడు.

"మరి దీన్ని ఇప్పుడు గోడకి తగిలించమంటావా, రేపు ఇంకోటి పడుతుందేమోనని ఉంచుకోమంటావా?"

యొర్లెని ఆ దుంగ వంక చూసింది, కొండ మీది మబ్బు వంక చూసింది. ముందు పిల్లల్ని లోపల దింపి వచ్చి చెప్తానని వెళ్లింది.

ఆయన దుంగ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. చినుకులు మొదలైతే, రంపం తడవకూడదని చొక్కా విప్పి దానికి చుట్టి ఇంటికి తెచ్చేశాడు. కార్డు ఇప్పటికీ యొర్లెని సొరుగులోనే ఉంది. ఆ పిల్ల రంపం అడగలేదు, ఈయన పట్టుకెళ్లలేదు. కేంద్రం గోడ మీద మాత్రం ఖాళీ మేకు, దాని కింద పెద్ద అక్షరాలతో బెలార్మినో వియాలొబోస్ అని పేరు ఉన్నాయి. రేపు పట్టుకెళ్తానని ఒడిలియాకి రోజూ చెప్తూనే ఉన్నాడు.